ఉప్పుగాలికి లొంగని బోల్టు

విశాఖ బీచ్ రోడ్డు పక్క గోడల మీద మీటరు పెట్టెలు, దీపాలు బిగించే ఎలక్ట్రీషియన్ల పనితనాన్ని ఎవరూ పొగడరు. వైరు ఏ కంపెనీదని అడుగుతాం గానీ, పెట్టెను గోడకు పట్టి ఉంచే స్క్రూ ఎలాంటిదని అడగం. సముద్రపు గాలిలోని ఉప్పు మాత్రం దాన్ని వదిలిపెట్టదు.

పని తెలిసినవాడు కొట్లో తళతళలాడే జింకు పూత స్క్రూను చూసి మోసపోడు. ఆ పూత మందం సాధారణంగా 10 మైక్రాన్ల దరిదాపుల్లోనే. కరిగిన జింకులో ముంచి తీసిన బోల్టు మసకగా, గరుకుగా ఉంటుంది. పూత మాత్రం 40 మైక్రాన్లు దాటుతుంది. చూపుకి ఆనదు, అది వేరే సంగతి. అలల తుంపర తగిలేచోట 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మీదా గోధుమ మరకలు పడతాయి. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది కాబట్టి ఉప్పును ఇంకా బాగా తట్టుకుంటుంది.

అసలు నేర్పు ఏ లోహానికి ఏది జత అన్నదాంట్లో ఉంది. పెద్ద అల్యూమినియం పెట్టెకు చిన్న స్టెయిన్‌లెస్ స్క్రూ పెద్దగా హాని చెయ్యదు. పెద్ద స్టెయిన్‌లెస్ పలకకు చిన్న అల్యూమినియం రివెట్టు కొడితే మాత్రం తడి తగిలిన కొద్దీ రివెట్టును తుప్పు తినేస్తుంది. పని తెలిసినవాడు రాగిని అల్యూమినియానికి నేరుగా కలపడు, రెండు లోహాలూ ఉన్న బైమెటల్ లగ్ అడుగుతాడు. స్టెయిన్‌లెస్ నట్టు బిగించేముందు మరల మీద కాస్త గ్రీజు రాస్తాడు; లేకపోతే అది పట్టేసి తర్వాత విప్పడానికి రాదు.

ఈసారి మీ ఎలక్ట్రీషియన్ 316 బోల్టులే కావాలంటే బేరమాడకుండా కొనివ్వండి.