బోర్డు పెట్టని ఇంటి బేరం

ఆత్రేయపురం లాంటి ఊళ్ళో ఇల్లు అమ్మదలచినవాళ్ళు గోడకి బోర్డు తగిలించరు. తగిలిస్తే ఊరు మొదట అడిగేది రేటెంతని కాదు, వీళ్ళకేం కష్టమొచ్చిందని. ఆడపిల్ల పెళ్ళి, ఆస్పత్రి ఖర్చు, వడ్డీకి వడ్డీ పెరిగిన అప్పు, హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడ్డ పిల్లలు తాళం వేసి వదిలేసిన పెంకుటిల్లు... ఏదైనా ముందు మధ్యవర్తి చెవిన పడుతుంది. అడ్వాన్సు చేతులు మారాక గానీ ఊరికి తెలియదు. ఈ గుట్టును నేను తప్పుపట్టను. పరువుగా బతికిన మనిషి తన అవసరాన్ని నలుగురిలో చాటుకోనక్కర్లేదు. అయితే ఆ గుట్టు చాటునే ఇంటి విలువ కూడా దాగిపోతోంది, అదీ అమ్మేవాళ్ళకే తెలియకుండా. అవసరంలో ఉన్నవాళ్ళని అందరికంటే ముందు పసిగట్టడమే ఈ వృత్తిలో నేర్పని చాలామంది నమ్ముతారు. ఆ నేర్పు ఎవరికి పనికొస్తోందన్నదే నా ప్రశ్న.

బేరం నడిచే తీరు చూడండి. మధ్యవర్తి కొద్దిపాటి అడ్వాన్సు తనే ఇచ్చి, మూడు నెలలో ఆరు నెలలో గడువు పెట్టి అగ్రిమెంటు రాయించుకుంటాడు. కొన్నవారి పేరిట గానీ, వారు సూచించిన వారి పేరిట గానీ రిజిస్టరు చేయిస్తామనే వాక్యం అందులో ఉంటుంది. కిటుకంతా ఆ వాక్యంలోనే ఉంది. గడువులోగా ఎక్కువ ధరకి మరొకరిని తెచ్చి నేరుగా వాళ్ళ పేరిట రిజిస్ట్రేషన్ చేయిస్తే మధ్యలో మిగిలింది అతనిది. అమ్మిన కుటుంబానికి ఆ రెండో ధర ఎప్పటికీ తెలియకపోవచ్చు. అమెరికాలో ఇదే పనికి హోల్‌సేలింగ్ అని పేరు. వృద్ధులు, అప్పుల్లో ఉన్నవాళ్ళు నష్టపోతున్నారని గొడవ రేగి, ఫిలడెల్ఫియా నగరం 2020లో ఈ వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి చేసింది. పెన్సిల్వేనియా రాష్ట్రం 2024లో చట్టం చేసి, ఇల్లు చేతులు మారకముందు 30 రోజుల్లోగా ఒప్పందం రద్దు చేసుకునే హక్కు అమ్మేవాళ్ళకిచ్చింది. మన దగ్గర స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ఏజెంట్లు నమోదు కావాలంటుంది గానీ, అది ప్రమోటర్లు అమ్మే ప్రాజెక్టుల వరకే. ఊళ్ళో పాత ఇంటికి బేరం కుదిర్చేవాళ్ళు దాని పరిధిలోకి రారు. పైగా ఒప్పందం ఒక పక్షానికి అన్యాయంగా లాభిస్తోందనో, అమ్మేవాళ్ళకి ముందు ఊహించని కష్టం తెస్తోందనో అనిపిస్తే దాన్ని అమలు చేయించకుండా ఉండే విచక్షణ కోర్టులకు ఒకప్పుడు ఉండేది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018లో జరిగిన సవరణతో అది చాలావరకు పోయింది. సంతకం పెట్టాక వెనక్కి రావడం ఇప్పుడు ఇంకా కష్టం.

మధ్యవర్తికి పని లేదని నేననను, చాలా ఉంది. తాళం వేసిన ఇళ్ళు అమ్ముడుపోనిది తరచు కొనేవాళ్ళు లేక కాదు, కాగితాలు చిక్కుపడి. గ్రామకంఠంలోని ఇంటికి ఇంటిపన్ను రసీదు తప్ప హక్కుపత్రం తరచు కనబడదు. తాత పేరే ఇంకా పన్ను పుస్తకంలో నడుస్తూ ఉంటుంది. వారసుల్లో ఒకరు ఊళ్ళో, ఒకరు డాలస్‌లో, పెళ్ళై వెళ్ళిన అక్కచెల్లెళ్ళు తలోచోట. ఆంధ్రప్రదేశ్‌లో అవివాహిత కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచే వచ్చింది, 2005 సవరణతో పెళ్ళైనవాళ్ళకీ వర్తించింది. వాళ్ళ సంతకం లేకుండా రాసిన దస్తావేజు రేపటి వ్యాజ్యం. ఆ వారసులందరినీ కూర్చోబెట్టి, ఇంటి మీద పాత లావాదేవీలు, తాకట్లు చూపే ఈసీ తీయించి, పన్ను పేరు మార్పించి ఇంటిని అమ్మదగ్గ ఇల్లుగా చేసే మధ్యవర్తి నిజంగా విలువ పెంచుతున్నాడు. అతని కమీషన్ ఎంతైనా నాకు అభ్యంతరం లేదు. అలా కాకుండా అప్పుల్లో ఉన్న ఒక్క తమ్ముడి వాటా చౌకగా కొని, దాంతో మిగతావాళ్ళని లొంగదీసే దారి కూడా ఉంది. చట్టం దీన్ని ఎప్పుడో ఊహించింది. ఉమ్మడి కుటుంబ నివాసంలో వాటా కొన్న బయటివాళ్ళకి ఆ ఇంట్లో కలిసి ఉండే హక్కు లేదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అంటుంది. వాళ్ళు పంపకానికి దావా వేస్తే ఆ వాటాను కోర్టు కట్టిన విలువకి కుటుంబమే కొనుక్కోవచ్చని 1893 నాటి పార్టిషన్ చట్టం అంటుంది. హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్ ప్రకారం, వారసత్వంగా కలిసి వచ్చిన ఇంట్లో ఒకరు వాటా అమ్మదలిస్తే మొదట అడగాల్సింది తోటి వారసులనే. అవసరంలో ఉన్న తమ్ముడికి ఈ మాట చెప్పే మధ్యవర్తులు ఎందరు?

వెంటనే నగదు ఇచ్చేవాళ్ళకి ధర తగ్గించడం న్యాయమే కదా అంటారు. నిజమే, తొందరకి ఒక వెల ఉంది. ఆ వెల లెక్కకి అందుతుంది. పది లక్షల అప్పు, నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీ అనుకుందాం. మంచి బేరం కోసం ఆరు నెలలు ఆగితే పెరిగేది లక్షా ఇరవై వేలు. ముప్ఫై లక్షలు చేసే ఇంటిని ఇరవైరెండుకి అడిగితే, ఆ ఎనిమిది లక్షల్లో తొందర వెల కొంతే. మిగతాది ధర తెలియకపోవడానికి చెల్లించే వెల. నలుగురిని అడిగితే పరువు పోతుందన్నది రెండో అభ్యంతరం. ఇంటి కొలతలూ ఈసీ చూపి మరో ఇద్దరి దగ్గర ధర కనుక్కోవడానికి అమ్మకం ఎందుకో చెప్పనక్కర్లేదు. సర్కారు విలువ చూసుకుంటే చాలదా అంటే చాలదు, అది బజారు ధరకి దూరంగా ఉండటం మామూలే. ఇంకో మాట: ఆత్రేయపురంలో ఇల్లంటే గోడలూ సెంట్లూ మాత్రమే కాదు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకుల పని చాలా కుటుంబాల్లో ఇంటి పొయ్యి మీదే సాగుతుంది. అలాంటి ఇల్లు ఖాళీ చేయడానికి ఎంత గడువిస్తారన్నది కూడా ధరలో భాగమే.

కాబట్టి అడ్వాన్సు పుచ్చుకునే ముందు అగ్రిమెంటులోని ఆ ‘సూచించిన వారి పేరిట’ అన్న వాక్యం కొట్టేయమని అడగాలి. మధ్యవర్తి తన కమీషన్ ఎంతో, ఎవరి దగ్గర తీసుకుంటున్నాడో కాగితం మీద రాయాలి. అడ్వాన్సు బ్యాంకు ద్వారానే రావాలి, 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోవడాన్ని చట్టం ఎలాగూ ఒప్పుకోదు. వాక్యం కొట్టేయడానికి ససేమిరా అంటే, రెండో ధరను రిజిస్ట్రేషన్‌కి ముందే అమ్మేవాళ్ళకి రాతపూర్వకంగా చూపాలన్న ఇంకో వాక్యం దాని కింద చేర్చమనాలి.