పాట నిలిచి పేరు మరుగైన వేళ: వంగపండు స్మరణపై ఒక పరిశీలన

పార్వతీపురం సమీపంలోని పెదబొండపల్లిలో 1943లో జన్మించిన వంగపండు ప్రసాదరావు 2020 ఆగస్టు 4న మరణించారు. అభిమానులు ఆయనను ‘ఉత్తరాంధ్ర గద్దర్’గా స్మరించారు. గౌరవంతో పలికిన ఈ మాటలోనే ఒక లోపం ఉంది. జననాట్యమండలిలో గద్దర్‌కు సహచరుడైన వాగ్గేయకారుణ్ణి అది అనుచరుని స్థానంలో నిలుపుతుంది.

‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ విషయంలో విస్మరణ మరొక రీతిలో జరిగింది. శ్రీకాకుళ గిరిజన రైతాంగ పోరాట నేపథ్యంగల ఈ గీతాన్ని కర్త తెలియని జానపదంగా భావించేవారు నేటికీ ఉన్నారు. ఇందుకు కారణం గీతనిర్మాణంలోనే కనిపిస్తుంది. ‘వెళ్దాం’లోని ఆది వకారం లోపించి ‘ఎల్దం’ కావడం పల్లె పలుకుబడి. దానిని శిష్టరూపంలోకి మారిస్తే అర్థం నిలుస్తుంది గాని, తోటివాణ్ణి పిలిచే చనువు పోతుంది. పైగా పల్లవి ఒక ప్రశ్న. కాబట్టి శ్రోత కేవలం వినేవాడుగా మిగలక, బదులు చెప్పవలసినవాడవుతాడు. పాడేవారందరూ దానిని తమ పిలుపుగా చేసుకోగలరు.

కవి పేరును దాటి పాట జనంలో కలిసిపోవడం ప్రజాకవికి విజయమే. అయితే సాహిత్యచరిత్ర కూడా ఆ పేరును మరవడం సమంజసం కాదు. వంగపండు గీతాలను ఆయన పలుకుబడితో, ఆయన కర్తృత్వంతో సేకరించి పరిష్కరించడమే సముచితమైన నివాళి.