మొలక చూచిన విత్తనము

మా తాతగారి ఇంట పడమటి వసారాలో విత్తనపు కుండలు వరుసగా నుండెడివి. కందులు, పెసలు, జొన్నలు, వేటికవి బాగుగా ఎండబెట్టి, బూడిద కలిపి, నడుమ నడుమ ఎండిన వేపాకు పరచి, మూతికి గుడ్డ కట్టి, ఆపైన మట్టి మెత్తి, ఏడాది పొడుగునా వాని జోలికి ఎవ్వరిని పోనీయక ఆయన కాపాడెడివారు. ఇంత జాగ్రత్తపడిన మనిషియు, ఏరువాకకు పది దినములు ముందుగా కుండ మూతి విప్పి, నూరు గింజలు లెక్కించి, తడిగుడ్డలో మూటకట్టి, మూడవనాడు ఆ మూట విప్పి ఎన్ని మొలకెత్తినవో కన్నులార చూచినగాని, గొర్రు కట్టెడివారు కారు. కుండలో విత్తనమున్నదనుట వేరు, ఆ విత్తనము మొలకెత్తుననుట వేరు అని ఆయనకు తెలియును. డేటాబేస్ సర్వరును సొంత యంత్రముమీద, కంటైనర్లలో, నిలుపుకొనుటను గూర్చి ఈ వారము వ్రాయదలచి కూర్చుండగా నాకు మొదట జ్ఞప్తికి వచ్చినవి ఆ కుండలే.

మా పట్టణమందలి గ్రంథాలయమునకు సుమారు 11,000 పుస్తకములు కలవు. వాని పట్టిక నాలుగు పెద్ద రిజిస్టర్లలో నుండెను. అందొకదానిని చెదలు సగము తినివేసినవి. గడచిన సంవత్సరము, అక్కడికి నిత్యము వచ్చు ఇద్దరు విద్యార్థులును నేనును కలిసి ఆ పట్టికను కంప్యూటరునకు ఎక్కింప పూనుకొంటిమి. పెద్ద సంస్థల క్లౌడ్‌లో అద్దెకు చోటు తీసికొనుట సులభమని పలువురు చెప్పిరి. సులభమే. కాని చందాలమీద నడచు గ్రంథాలయము నెలనెల అద్దె కట్టజాలదు. అంతకు మించి, ఏ పాఠకుడు ఏ పుస్తకమును ఇంటికి గొనిపోయెనో తెలిపెడి సమాచారము ఆ గ్రంథాలయమువారి చేతులు దాటి పోగూడదని నా దృఢవిశ్వాసము. కనుక ఒక సభ్యుడు దానమిచ్చిన పాత కంప్యూటరుమీద లినక్స్ ఎక్కించి, దానిపై డాకర్‌ను, డాకర్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను, ఆ డేటాబేస్‌ను బ్రౌజరులో చూచి నిర్వహించుటకు పీజీఅడ్మిన్‌ను నిలిపితిమి.

పోస్ట్‌గ్రెస్‌ను ఎన్నుకొనుటకు నాకు కారణమున్నది. సమాచారమునంతయు అడ్డువరుసలు, నిలువువరుసలుగల పట్టికలలో నిలిపి, వాని నడుమ సంబంధములను గణితశాస్త్రరీత్యా నిర్వచింపవచ్చునని ఐబీఎమ్ సంస్థలోని ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించెను. ఆ భావమును ఆచరణలోనికి దెచ్చినవారిలో ముఖ్యుడైన మైఖేల్ స్టోన్‌బ్రేకర్, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున 1986లో పోస్ట్‌గ్రెస్‌కు పునాది వేసెను. అది 1996లో నేటి పేరును ధరించి, నాటినుండి నేటివరకు ఏ ఒక్క వ్యాపారసంస్థకును సొత్తుగాక, ఎవ్వరైనను ఉచితముగా వాడుకొనదగినదై పెరుగుచున్నది. ఏటేట ఒక క్రొత్త ప్రధానవెర్షన్ వచ్చును. వచ్చినదానికి అయిదేండ్లపాటు దోషసవరణలు అందును. చిన్న గ్రంథాలయము నమ్ముకొనదగిన స్థిరత్వము అది.

ఇక కంటైనర్ అనగా నేమి? ఒక కంప్యూటరులో మరియొక సంపూర్ణమైన కంప్యూటరును సృష్టించుట కాదు. పెద్ద మండువాయింటిలో అన్నదమ్ములు వేరుపడి, ఒకే కప్పు క్రింద, ఒకే నూతి నీరు త్రాగుచు, ఎవరి పొయ్యి వారిది, ఎవరి ధాన్యము వారిది అన్నట్లు కాపురము చేయుట యెట్టిదో ఇదియు నట్టిది. నూయి లినక్స్ కెర్నల్. దానిని అందరును పంచుకొందురు. ఒకరి గది మరియొకరికి కనబడకుండ నడుమ గోడలు కట్టునవి నేమ్‌స్పేస్‌లు. ఎవరెంత మెమరీ, ఎంత ప్రాసెసరు వాడవలెనో కొలిచి ఇచ్చునవి సీగ్రూపులు. ఈ సీగ్రూపులు 2008 జనవరిలో లినక్స్ కెర్నల్‌లో చేరినవి. ఉన్న ఈ సాధనములను అందరి చేతికి అందునట్లు కూర్చి 2013లో లోకమునకు చూపినది డాకర్. ఆ మాటకు రేవుకూలి యని అర్థము. ఓడ మారినను, లారీ మారినను, లోని సరుకు కదలకుండ పెట్టెతో సహా తరలిపోవు విధానమునుండి పుట్టిన పేరు గనుక, పెట్టె శాశ్వతమనియు అందు నిలిపినది పదిలమనియు క్రొత్తవాడు భావించుట సహజము. నేనును అట్లే భావించితిని.

వేసవి సెలవులలో మూడు వారములు ఆ విద్యార్థులు అరల ముందు కూర్చుండి, పుస్తకము తరువాత పుస్తకము తీసి, దుమ్ము దులిపి, పేరు, రచయిత, ముద్రణసంవత్సరము, అర సంఖ్య ఎక్కించుచు 1,900 పుస్తకములు ముగించిరి. ఒకనాటి సాయంకాలము నేను కంటైనర్ల అమరికను వ్రాసియుంచు కంపోజ్ ఫైలులో ఏదో చిన్న సవరణ చేయదలచి, డౌన్ అను ఆజ్ఞతో కంటైనర్లను దించి, అప్ అను ఆజ్ఞతో మరల లేపితిని. బ్రౌజరులో డేటాబేస్ కడిగిన పళ్లెమువలె నుండెను. పట్టికలు లేవు, పుస్తకములు లేవు. ఆ పిల్లల మొగములు నేను చూడలేకపోతిని. ఆ రాత్రి నిద్రమాని వెదకగా తెలిసినదేమనగా, డేటా నిలిచెడి చోటగు వాల్యూమ్‌కు నేను పేరు పెట్టలేదు. పేరు పెట్టనివానికొరకు డాకర్ తానే 64 అక్షరముల సంకేతనామముతో ఒక వాల్యూమ్‌ను కల్పించి డేటాను అందు దాచును. కంటైనర్‌ను దించి లేపినపుడు క్రొత్త కంటైనర్‌కు క్రొత్త వాల్యూమ్ వచ్చును. పాతది డిస్కుమీద అనాథవలె పడియుండును. మా పుస్తకములు అందే యుండెను. చోటు చాలలేదని నేను గాని ఆనాడు వాల్యూమ్ ప్రూన్ అను ఆజ్ఞ ఇచ్చియున్నచో, సరిగా అట్టి పేరులేని వాల్యూములనే అది తుడిచిపెట్టియుండెడిది.

నాటినుండి కంటైనర్ అనగా నాకు వంటగిన్నె. కడిగి బోర్లించదగినది, కావలసినపుడు మార్చుకొనదగినది. వాల్యూమ్ ధాన్యపుగాదె. దానికి పేరుండవలెను, అది గిన్నెకు వెలుపల నుండవలెను. కంటైనర్‌కు అచ్చగు ఇమేజ్‌లో గాదెకు ఏ స్థానమును చూపవలెనో ఆ వెర్షన్ పత్రములలో చదివి మరీ వ్రాయవలెను, ఏలయనగా 2025 సెప్టెంబరులో వచ్చిన 18వ వెర్షన్‌నుండి పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజ్‌లో ఆ స్థానమే మారినది. ఇమేజ్ పేరు ప్రక్కన లేటెస్ట్ అని వ్రాసి ఊరకుండుటయు నాకు సమ్మతము కాదు. ఒక ప్రధానవెర్షన్ వ్రాసిన డేటాను మరియొక ప్రధానవెర్షన్ నేరుగా చదువజాలదు గనుక, సంఖ్యను స్పష్టముగా నిలిపి, మార్పు మన ఇష్టమున, మన చూపుముందు జరుగునట్లు చేసికొనవలెను. కంపోజ్ ఫైలులో వ్రాసిన పాస్‌వర్డ్ గాదె ఖాళీగా నున్న తొలినాడు మాత్రమే పనిచేయును. తరువాత అక్కడ ఎన్నిమారులు మార్చినను డేటాబేస్ దానిని పట్టించుకొనదు.

తలుపుల సంగతియు చెప్పవలసియున్నది. డేటాబేస్‌కు 5432 అను పోర్ట్ వాడుక. దానిని వెలుపలికి తెరచినచో, ఆ యంత్రమునకున్న అన్ని నెట్‌వర్క్ చిరునామాలమీదను అది తెరచుకొనును. ఉబుంటులో సాధారణముగా వాడు యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ అడ్డుకొనునని తలచుట పొరపాటు, డాకర్ వేసికొను త్రోవ దానిని చుట్టివచ్చును. అసలు తెరువవలసిన అక్కరయే లేదు. పీజీఅడ్మిన్, పోస్ట్‌గ్రెస్ ఒకే కంపోజ్ నెట్‌వర్క్‌లో నుండగా, ఒకదానినొకటి సర్వీసు పేరుతో పిలుచుకొనగలవు. పీజీఅడ్మిన్‌లో సర్వరు చిరునామాగా లోకల్‌హోస్ట్ అని వ్రాసినచో మాత్రము అది తన గదిలోనే తాను వెదకుకొని, ఎవ్వరును లేరని చెప్పును. ఒక పూట మేము దీనితోనే గడపితిమి.

తెలుగు పుస్తకముల పట్టిక గనుక మాకు వచ్చిన మరియొక చిక్కును విస్తరించి చెప్పెదను, ఇది ఇంగ్లీషు పట్టికలు నడుపువారికి తోచనిది. మన వర్ణమాలలో ళకారము హకారము తరువాత వచ్చును. యూనికోడ్ పట్టికలో అది లకారమునకును వకారమునకును నడుమ కూర్చున్నది. కావున యంత్రము పేర్లను వరుసపెట్టునపుడు కళతో మొదలగు పుస్తకములు కవితో మొదలగువానికి ముందు వచ్చుచుండెను. నలువదేండ్లుగా అరలను కంఠస్థముగా ఎరిగిన మా గ్రంథపాలకుడు తెరను చూచిన మరుక్షణమే వరుస తప్పినదని చెప్పెను. పోస్ట్‌గ్రెస్ 16వ వెర్షన్‌నుండి ఐసీయూ అను లైబ్రరీకి వరుసనియమములను మనమే వ్రాసి ఇచ్చు వీలున్నది; హకారము తరువాత ళకారము, ఆపైన ఱకారము అని ఒక్క పంక్తి వ్రాయగా అరలకును తెరకును పొత్తు కుదిరినది. అయినను వరుసకును ఇమేజ్‌కును ఉన్న లంకెను మరువరాదు. డెబియన్ లినక్స్‌మీద కట్టిన ఇమేజ్‌ను విడిచి, చిన్నదిగదా యని ఆల్పైన్ లినక్స్‌మీద కట్టినదానిని అదే గాదెకు తగిలించినచో, అడుగుననున్న సీ లైబ్రరీ మారి, ఒక వరుసలో కట్టిన సూచికను మరియొక వరుసలో చదివినట్లగును; ఉన్న పుస్తకమే లేదని జవాబు రాగలదు. అట్టి లైబ్రరీయే యగు గ్లిబ్‌సీలో 2018లో వచ్చిన 2.28 వెర్షన్ మూలమున డెబియన్ వెర్షన్ మార్చినవారికిని ఇట్టి కష్టమే కలిగినది.

ఇంత కట్టుదిట్టము చేసికొన్న పిమ్మట, ప్రతిరాత్రియు పీజీడంప్ అను సాధనముతో బ్యాకప్ తీయునట్లు ఏర్పాటు చేసితిమి. నడుచుచున్న డేటాబేస్ ఫైళ్లను ఊరక కాపీ చేసికొనుట బ్యాకప్ కాదు. పీజీడంప్ మాత్రము సర్వరు పనిచేయుచుండగనే, ఒక్క క్షణమునాటి స్థితిని చెదరకుండ పట్టి ఇచ్చును. రెండు నెలలు ఫైళ్లు పేరుకొన్నవి. తృప్తిగా నుంటిమి. ఏరువాక దినములలో ఒకనాడు నాకు తాతగారి తడిగుడ్డ గుర్తునకు వచ్చి, వెనుకటి రాత్రి ఫైలును ఆ విద్యార్థులలో ఒకని ల్యాప్‌టాప్‌లో, ఖాళీ కంటైనర్‌లో ఎక్కించి చూడుమంటిని. ఫలానా రోల్ లేదు, ఫలానా రోల్ లేదు అని వరుసగా దోషములు వచ్చినవి. పీజీడంప్ ఒక్క డేటాబేస్‌ను మాత్రమే దింపును. రోల్స్, అనగా వాడుకరుల పేర్లు, వాని పాస్‌వర్డ్‌లు సర్వరు మొత్తమునకు చెందినవి గనుక, వానిని పీజీడంప్‌ఆల్‌తో వేరుగా దింపవలెను. మేము దింపలేదు. అంతేకాదు, ఆ రెండు నెలల ఫైళ్లును అసలు డేటా ఉన్న డిస్కుమీదనే యుండెను. ఆ డిస్కు చెడినచో విత్తనమును పంటయు ఒక్కమారే పోయెడివి.

ఇప్పుడు రోల్స్‌ను కూడ దింపుచున్నాము. వారమునకొకమారు ఒక ప్రతి పెన్‌డ్రైవ్‌లో గ్రంథాలయ కార్యదర్శిగారి ఇంటికి చేరును. ప్రతినెల మొదటి ఆదివారము ఆ పెన్‌డ్రైవ్ తెచ్చి, ఖాళీ కంటైనర్‌లో ఎక్కించి, పుస్తకముల లెక్క రిజిస్టరుతో సరిచూచి, తేదీ వేసి, చూచినవారు సంతకము చేయుదురు.

ఇంటనో, బడిలోనో, కార్యాలయమునో ఇట్టి సర్వరు నడుపుచున్న పాఠకులకు నా మనవి ఒక్కటే. ఈ ఆదివారము ఒక గంట తీరిక చేసికొని, నిన్నటి రాత్రి బ్యాకప్‌ను వేరొక యంత్రమున ఖాళీ కంటైనర్‌లో ఎక్కించి, వరుసలు లెక్కపెట్టి చూడుడు.