కారు మీద రోజాపూలు

"కార్ల గురించి నువ్వు రాయడమేమిటి?" అని మావారు పకపకా నవ్వారు. నవ్వరూ మరి! నాకు స్టీరింగు పట్టుకోవడం రాదు. పెట్రోలు మూత ఏ పక్కనుంటుందో బంకులో కుర్రాడు చెబితేగాని తెలియదు. బి.ఏ.లో సాహిత్యం చదువుకున్నదాన్ని, నవలలు రాసుకునేదాన్ని. కథలో ఏ పాత్ర ఎక్కడ కుంటుపడిందో చెప్పమంటే చెబుతాను గాని, కారులో ఏ బోల్టు వదులైందో నాకేం తెలుసు? అయినా ఈ వారం కార్ల గురించే రాస్తున్నాను. వాటిని పుస్తకాల్లా చదివాను. చదివినదాని మంచిచెడ్డలు చెప్పకుండా ఉండలేకపోవడం నాకు పాత జబ్బు.

కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో మా చెల్లెలుంటుంది. ఆ చుట్టుపట్ల మన తెలుగువాళ్ళకేం కొదవలేదు గాని, దాని పక్కింటివాళ్ళు మాత్రం మెక్సికో మూలాలున్న కుటుంబం. తాతల నాడే వచ్చి స్థిరపడ్డారట. నేను వెళ్ళిన మర్నాడు పొద్దున్నే పక్కింటి గరాజులోంచి గరగరమని ఒకటే చప్పుడు.

"ఏమిటే ఆ రొద?" అన్నాను.

"కారక్కా! ఏడేళ్ళ నుంచీ ఆయనకి ఆ పాత కారుతోనే కాపురం" అంది.

తొంగిచూశాను. 1964 నాటి షెవ్రొలే ఇంపాలా. ఇంటాయన నన్ను చూసి నవ్వి, కుర్చీ వేసి మరీ కూర్చోబెట్టారు. చెప్పొద్దూ, పాత కారు బాగుచేయడమంటే పైన రంగు కొట్టించడమని అనుకునేదాన్ని. కాదట. ముందు మొత్తం విప్పేయాలి. పైన ఒళ్ళు వేరు, కింద చట్రం వేరు. విప్పిన బోల్టులన్నీ బిస్కెట్ డబ్బాల్లో వేసి, ఏవి ఎక్కడివో చీటీలు అంటించారు, మనం ఊరగాయ జాడీలకి అంటించినట్టు. తుప్పు తిన్నంత మేరా రేకు కోసేసి కొత్తది అతికారు. చట్రానికి అదనంగా ఇనుప పలకలు వేసి వెల్డింగు చేశారు.

అంత బలం ఎందుకయ్యా అంటే, ఇది లేచి కూర్చునే కారు! చక్రాల దగ్గర స్ప్రింగులతోపాటు నూనె ఒత్తిడితో పనిచేసే సిలిండర్లు బిగిస్తారు. డిక్కీలో పంపులూ, వరసగా బ్యాటరీలూ. డ్రైవరు చేతికందేలా మీటలు. మీట ఇటు నొక్కితే కారు లేస్తుంది, అటు నొక్కితే నేలకి ఆనుతుందేమో అన్నంత కిందికి దిగుతుంది. మావటివాడి మాట విని ఏనుగు మోకాళ్ళ మీద వంగినట్టుంటుంది. ఇలాంటి కార్లనే అక్కడ లోరైడర్లంటారు.

అసలు కారుని నేలబారుగా దించాలన్న కోరిక ఎందుకు పుట్టింది? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్ళ చేతికి పాత కార్లు చవగ్గా వచ్చాయి. తక్కిన కుర్రాళ్ళు తమ కార్లని వేగంగా పరిగెత్తించడానికి తంటాలు పడుతుంటే, వీళ్ళు డిక్కీల్లో ఇసుక మూటలు వేసి కిందికి దించి, వీధుల్లో నింపాదిగా తిప్పేవారు. కిందుగా, నెమ్మదిగా అన్నదే వాళ్ళ మంత్రం. చక్రం అంచు కంటే కారు ఒళ్ళు కిందికి దిగకూడదని 1950ల చివర్లో కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది. అప్పుడు రాన్ అగీరే అనే కుర్రాడు 1959లో తండ్రి సాయంతో విమానాల విడిభాగాలు తెచ్చి తన కార్వెట్ కారుకి అమర్చాడు. పోలీసులు కనబడితే కారు లేస్తుంది, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ వంగుతుంది. అల్లరిలోంచి పుట్టిన విద్యే గాని, ఆ అల్లరి వెనక ఒక రోషముంది. మా వీధిలో మేం మెల్లగా, అందరికీ కనబడేలా నడుస్తాం, కాదనడానికి మీరెవరు అన్న రోషం. కాదన్నవాళ్ళు చాలాకాలమే కాదన్నారు. అలా కార్లు తిప్పడాన్ని నిషేధించే అధికారాన్ని ఊళ్ళ నుంచి తీసేసి, కారుని కిందికి దించడం మీద ఉన్న ఆంక్షనీ ఎత్తేస్తూ 2023లో కొత్త చట్టం చేశారు. 2024 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది.

ఇక నా విమర్శకి వస్తాను. ఈ కార్లలో పేరు మోసింది జిప్సీ రోజ్. ఇదీ 1964 ఇంపాలానే. లాస్ ఏంజెలస్ తూర్పు పేటకి చెందిన జెస్సీ వలడేజ్ దాని యజమాని. గులాబిరంగు ఒళ్ళంతా రోజాపూలు చేత్తో గీయించాడు. 1970ల్లో ఒక టీవీ సీరియల్ మొదట్లో అది రోడ్డు మీద వయ్యారంగా వెళ్తూ కనబడేది. జిప్సీ రోజ్ లీ అని వేదిక మీద ఒంటిమీది బట్టలు ఒక్కొక్కటే విడుస్తూ పేరు తెచ్చుకున్న నటి ఉండేది. కారుకి ఆమె పేరే పెట్టారు. తమాషా చూడండి, ఆమె విడిచింది, కారేమో పొర మీద పొర తొడుక్కుంది! 2017లో వాషింగ్టన్ నగరం నడిబొడ్డున దాన్ని గాజు పెట్టెలో నిలబెట్టి, దేశపు చారిత్రక వాహనాల జాబితాలో చేర్చారు.

ఫొటోల్లో ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. అయినా ఒక మాట అనక తప్పదు. గాజు పెట్టెలో పెట్టిన రోజున సగం కళ బయటే ఉండిపోయింది. ఆ పూలు కదిలే ఎండలో, వీధి మలుపులో, అరుగుల మీది జనం కళ్ళలో మెరవడానికి గీసినవి. నాట్యగత్తెని ఫొటో తీసి నాట్యం చూడమంటే ఎలా? ఇంకొక మాట, కారు మీద ఆడదాని పేరుంది, ఆడవాళ్ళ పూలున్నాయి. ఆ కారు వెనక ఏ ఆడమనిషి ఉందో మాత్రం ఎంత చూసినా కనబడలేదు.

అందుకే నా మార్కులు రెండో కారుకి. న్యూ మెక్సికో కొండల్లో చిమాయో అని చిన్న ఊరుంది. చేనేతకీ, యాత్రికులు వచ్చే పాత గుడికీ పేరున్న ఊరు. అక్కడి డేవ్ హరమియో 1969 నాటి ఫోర్డ్ ఎల్.టి.డి. కారుని ఇలాగే మలచడం మొదలుపెట్టాడు. పని పూర్తికాకుండానే 1978లో చనిపోయాడు. భార్య ఐరీన్ ఆ కారుని అమ్మేయలేదు. బంధువులూ ఊరివాళ్ళూ తలా ఒక చెయ్యి వేస్తే దాన్ని పూర్తిచేయించింది. కారు మీద ఆ కుటుంబం బొమ్మ గీయించారు. పేరు 'డేవ్స్ డ్రీమ్', అంటే డేవ్ కల. 1990లో స్మిత్సోనియన్ మ్యూజియం దాన్ని తీసుకుంది.

పనితనంలో జిప్సీ రోజ్‌దే పైచేయి కావచ్చు. కాని నవల రాసేదాన్ని కనుక, నేను కథ ఎవరి చేతిలో పూర్తయిందో చూస్తాను. మొగుడు సగంలో వదిలిన పనిని మిగిలినావిడ చేపట్టినప్పుడు అది అతని కల ఒక్కటే కాదు కదా! పేరు అతనిది, ముగింపు ఆమెది. ఆ కారులో నాకు నచ్చిన సంగతీ అదే, నాకున్న ఫిర్యాదూ అదే.

ఈ ఫిర్యాదు ఊరికే పుట్టలేదు. మా చెల్లెలి పక్కింటి గరాజులో సీట్లకి ఎర్రటి మఖమల్ గుడ్డ మీద మడతలు మడతలుగా కుట్టు చూసి నోరు తెరిచాను. "ఎవరు కుట్టారు?" అన్నాను. ఆయన లోపలికి చెయ్యి చూపించారు. వంటింటి పక్కన మిషనూ, దాని దగ్గర ఆవిడా. ఆదివారం కార్ల ప్రదర్శనకి నన్నూ తీసుకెళ్ళారు. కారు ముందు పెట్టిన అట్ట మీద ఇంజను వివరం, రంగు వివరం, ఆయన పేరు ఉన్నాయి. ఆవిడ పేరు లేదు. నేనడిగితే ఆవిడ నవ్వేసింది. ఆయన మాత్రం ఒక్క క్షణం ఆగి, జేబులోంచి పెన్ను తీసి కింద ఆమె పేరు రాశారు. అక్షరాలు కాస్త వంకరగా వచ్చాయి గాని, ఆ ప్రదర్శన మొత్తంలో నాకు నచ్చిన అలంకారం అదే.

ఇన్ని తీర్పులు చెప్పానా, ఇక నా సంగతీ చెప్పాలి. మా నాన్నగారికి ఒక అంబాసిడర్ ఉండేది. ఆదివారం పొద్దున్నే బానెట్ ఎత్తి దాంట్లో తలదూర్చేవారు. టిఫిను చల్లారిపోతోందని అమ్మ కేకలేసేది. ఆయన పోయాక ఏడాదిపాటు అది షెడ్డులోనే ఉంది. ఎలకలు చేరుతున్నాయని, స్థలం కావాలని, పాత ఇనుము కొనేవాడిని పిలిపించిందాన్ని నేనే. తూకం వేసి పట్టుకుపోయాడు. ఎంతిచ్చాడో కూడా గుర్తులేదు. కథల్లో పాత గడియారాల గురించీ ట్రంకుపెట్టెల గురించీ పేజీలకి పేజీలు రాసిన మహాతల్లిని!

శాన్ హోసే నుంచి వచ్చాక అమ్మకి ఐరీన్ కథంతా చెప్పాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది. చివరికి నేనే ఉండబట్టలేక అడిగాను, "అమ్మా, నాన్నగారి కారు ఉంచుకోవాలని నీకుండేదా?"

చిక్కుడుకాయ మీంచి తల ఎత్తకుండానే అంది:

"నన్నెవరడిగారే?"