పాఠశాలలో పటవిద్య: వేలూరు, గుడియాత్తముల దృష్టితో ఒక విమర్శ

గుడియాత్తము కౌండిన్యనది యొడ్డున వెలసిన పట్టణము. 2021 నవంబరులో ఆ నది పొంగి, ఒడ్డునగల యిండ్లలోనికి నీరు చొచ్చెను. అది పట్టణమున కురిసిన నీరు మాత్రమే కాదు. సరిహద్దున కావల చిత్తూరు జిల్లా కొండలలో కురిసిన వాన వాగులై వంకలై, మోర్దానా జలాశయము మీదుగా దిగివచ్చినది. వేలూరు జిల్లా పటమును మాత్రమే చూచిన విద్యార్థికి ఈ సంగతి తెలియు మార్గము లేదు. అందు జిల్లా గీతయొద్దనే నది పుట్టినట్లుండును, ఆవలిది తెల్లకాగితము. తెలుగు బాలునకు చుట్టములున్న పలమనేరు, కుప్పము ఆ తెల్లకాగితమునందే మరుగుపడినవి!

ఈ వెలితిని తీర్చు సాధనములు నేడు లేకపోలేదు. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 2009లో ‘భువన్’ను వెలువరించెను. పిమ్మట జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలితో కలసి పాఠశాలలకై ‘స్కూల్ భువన్’ను రూపొందించెను. డెహ్రాడూనులోని భారత రిమోట్ సెన్సింగు సంస్థ 2007 నుండి దూరశిక్షణ తరగతులను నడపుచున్నది. మరి లోపమెచ్చట?

ఉపాధ్యాయులకు గరపునది యంత్రము నడపు నేర్పే కాని పటము చదువు నేర్పు కాదు. ఏ మీట నొక్కిన ఏ పొర తెరపై కనబడునో చెప్పుదురు. ఆ పొర తన యూరిని గూర్చి యేమి చెప్పుచున్నదో అడుగరు. పైగా స్కూల్ భువన్ పాఠములు కేంద్ర మండలి పుస్తకముల ననుసరించినవి. తమిళనాటి పాఠశాలలు రాష్ట్ర పాఠ్యపుస్తకములను చదువును. ఈ రెంటికిని వంతెన కట్టు భారము ఒంటరి ఉపాధ్యాయునిపై పడినది.

పేళ్ల చిక్కు వేరొకటి. సర్వే పటములలో చెరువుల ప్రక్కన ఆంగ్ల లిపిలో ‘ఏరి’ యని యుండును. అది తమిళమున చెరువు. తెలుగు బాలుడు దానిని ‘ఏరు’గా తలచి, నిలిచిన నీటిని పారు నీరుగా గ్రహించును. ఒక్క అక్షరము చెరువును నదిగా మార్చివేయును! శిక్షణలో దీనిని హెచ్చరించువారు అరుదు. తమిళోపాధ్యాయునకు ఈ చిక్కు తోచదు. తెలుగుపంతులు తానై కనిపెట్టవలసినదే. రాయవేలూరను తెలుగుపేరు కూడ ఆ పటములలో కానరాదు.

సర్వే శాఖవారి 1:50,000 పటముల మేలు ఇచ్చట గమనింపదగినది. అవి జిల్లాల గీతలతో గాక, అక్షాంశ రేఖాంశములతో పదునైదు కళల చతురములుగా కోయబడినవి. కావున రాష్ట్రపు సరిహద్దు వానికి అడ్డురాదు. కౌండిన్య ఆవలి గట్టును ఈవలి గట్టును వరుసగా చూపవచ్చును. సమోన్నత రేఖలు దగ్గరగా నున్నచోట నేల నిటారనియు, దూరముగా నున్నచోట చదునైన పల్లమనియు బోధించినచో, నీరు పట్టణమున నేవైపు మరలునో పిల్లలే చెప్పగలరు. మెరక, పల్లము, వంక, అలుగు, తూము అను మాటలు వారి యిండ్లలో నున్నవే. వానిని పటముపై పెట్టుటయే కొరత.

కంప్యూటరు లేని బడి యేమి చేయునని యడుగుదురు. లాంబ్టన్ 1802లో మదరాసు చెంత పరంగికొండయొద్ద గొలుసుతో ఆధారరేఖను కొలిచి మహాసర్వేను ఆరంభించెను. బడినుండి యేటిగట్టువరకు త్రాటితో కొలిచి, ఒక సెంటీమీటరు ఐదువందల మీటర్లకు సమమను స్కేలున గీయుట ఏ తరగతికిని అసాధ్యము కాదు. పిమ్మట ఉపగ్రహచిత్రమును చూపినచో, తాము గీచినదానిలోని తప్పు వారికే తెలియును. శిక్షణ తరగతులలో ఈ క్రమము తలక్రిందులైనది: చిత్రము ముందు, నేల వెనుక, గట్టుపై నడకకు వేళయే లేదు.