'దశావతార్' గీతసంపుటి: రౌద్రరస పరిశీలనము

దశావతారగాథలు తెలుగువారికి చిరపరిచితములు. పోతనామాత్యుని భాగవతమున సప్తమస్కంధమందు నృసింహుడును, అష్టమస్కంధమందు కూర్మ, వామన, మత్స్యావతారములును వర్ణింపబడినవి. అన్నమాచార్యులు పదియవతారములను సంకీర్తనములందు కొనియాడినారు. ఇట్టి వస్తువును గర్జనవంటి కంఠముతో, చెవులు దిమ్మెక్కించు వాద్యఘోషతో పాడవచ్చునా? ముంబయికి చెందిన డెమానిక్ రెసరెక్షన్ అను బృందము 2017లో వెలువరించిన 'దశావతార్' అను గీతసంపుటి మన ముందుంచు ప్రశ్న ఇది. పరరాష్ట్రములందు మన పాఠశాలలలో తెలుగు చదువు పిల్లలలో కొందరు ఇట్టి సంగీతమును మక్కువతో వినుచున్నారు. కావున దీనిని రొద యని త్రోసిపుచ్చుట సులభమే కాని, అది విమర్శ యనిపించుకొనదు.

ఈ సంగీతమును డెత్ మెటల్ అందురు. ఇది 1980 దశకమున అమెరికాలో రూపు దిద్దుకొన్నది. పొసెస్డ్ బృందపు 'సెవెన్ చర్చెస్' (1985), డెత్ అను బృందపు 'స్క్రీమ్ బ్లడీ గోర్' (1987) దీని తొలి మైలురాళ్లు. శ్రుతి తగ్గించిన విద్యుత్ గిటారులు, రెండు పాదములతో వాయించు డ్రమ్ముల వేగము, గొంతు లోతునుండి వెడలు గర్జన దీని లక్షణములు. మృత్యువు, హింస, వినాశము దీనికి అలవాటైన వస్తువులు. ముంబయి బృందము శుద్ధమైన డెత్ మెటల్‌కే కట్టుబడినది కాదు. బ్లాక్ మెటల్ ఛాయలను కలుపుకొని, గర్జనతోపాటు సహజమైన గానకంఠమును గూడ వాడును.

సాహిల్ మఖీజా నాయకత్వమున 2000లో ఏర్పడిన ఈ బృందము తన తొలి సంపుటి 'డెమన్‌స్టీలర్'ను ఆ సంవత్సరముననే స్వయముగా వెలువరించుకొన్నది. ఆ పేరుతోనే సొంత ప్రచురణసంస్థయు వెలసినది. 2010లో 'ది రిటర్న్ టు డార్క్‌నెస్' అను సంపుటిని క్యాండిల్‌లైట్ అను బ్రిటిష్ సంస్థ విదేశములందు ప్రకటించినది. ఆ యేడే మెటల్ హామర్ పత్రిక వారి బహుమతియు లభించినది. అయినను 'దశావతార్' మరల సొంత సంస్థనుండియే వచ్చినది. చందాలు పోగుచేసి సంచికలు అచ్చువేసికొను మనవంటివారికి ఈ పట్టుదల విలువ వేరుగా చెప్పనక్కరలేదు. కాని ప్రచురణకర్త కత్తెర లేనిచోట కర్తయే కత్తెర పట్టవలెనన్నది గూడ మనకు తెలిసిన సంగతియే.

ఇక మొదటి ప్రశ్న. భరతముని చెప్పిన ఎనిమిది రసములలో రౌద్రము, భయానకము, బీభత్సము అను మూడింటికి చోటున్నది. తంజావూరు జిల్లా మేలట్టూరులో తరతరాలుగా నివసించు తెలుగు కుటుంబములవారు వేంకటరామశాస్త్రి రచించిన తెలుగు 'ప్రహ్లాదచరిత్రము'ను నేటికిని నృసింహ జయంతి ఉత్సవములందు ప్రదర్శించుచున్నారు. అచ్చట నృసింహుని ముఖమునకు పూజ జరుగును. దానిని ధరించువాడు ఉపవాసముండును. ఆవేశము మించినప్పుడు తోడివారు అతనిని పట్టి నిలుపుదురు. దేవుని ఉగ్రరూపమును ఉగ్రముగనే ప్రదర్శించుట మన సంప్రదాయమునకు క్రొత్త గాదు. కావున గర్జించినంతమాత్రమున అపచారము జరిగినదనుట చెల్లదు.

అయితే రసౌచిత్యమును పరిశీలింపవలసియున్నది. సంపుటిలో మత్స్యము మొదలు కల్కి వరకు వరుసగా పది పాటలున్నవి. నృసింహ, పరశురామ, కల్కి గాథలకు ఈ శైలి సహజముగా అమరును. వాని స్థాయిభావము క్రోధమే గదా. వామనగాథ సంగతి వేరు. చిన్నవాడు త్రివిక్రముడై పెరుగుటయే అందలి అద్భుతము. మొదటి తాళమునందే ఆకసమంటిన వాద్యఘోషకు ఇంక పెరుగుటకు చోటెక్కడిది? తొమ్మిదవ స్థానమున బలరాముని గాక బుద్ధుని నిలిపినారు. రెండు సంప్రదాయములును కలవు. జయదేవుడు ఇరువురిని గూడ గ్రహించినాడు. బుద్ధుని ఎన్నుకొనుట సాహసమే, ఏలయన శాంతరసము ఈ శైలికి కఠినపరీక్ష. గానకంఠము వినవచ్చు ఘట్టములందు కొంత ఊరట లభించును. మొత్తముమీద పదిమందికిని దాదాపు ఒకే ఉగ్రవేషము తొడిగినట్లున్నది. పోతన నృసింహునకు చివర ప్రహ్లాదుని స్తుతియు, దానివలన శాంతమును కలవు. ఆ ఉపశమనముననే రౌద్రమునకు నిండుదనము.

అన్నిటికంటె పెద్దలోపము మాటకు సంబంధించినది. పాటలు ప్రధానముగా ఆంగ్లమున రచింపబడినవి. గర్జనలో హల్లులు అణగిపోవుటచే ఆంగ్లము తెలిసినవారికిని సాహిత్యము చెవికందదు. మేలట్టూరు ప్రేక్షకులలో తెలుగెరుగనివారు అనేకులు. అయినను నటులు ప్రతి పదమును గురుముఖమున నేర్చి ఉచ్చరింతురు. అర్థము తెలియనివారి నడుమ గూడ మాట బ్రతికియున్నది. చుట్టును వేరొక భాష వినవచ్చు ఊళ్లలో తెలుగును నిలుపుకొను మనకు ఈ భేదము చిన్నది గాదు. అక్షరము వినబడనిచోట భాష నిలువదు.

ఈ సంపుటి తిరస్కరింపదగినది కాదు. దేశీయ వస్తువును పరదేశపు శైలిలోనికి తెచ్చిన ధైర్యము, ఒకరి ప్రాపు కోరని స్వాతంత్ర్యము ఇందు మెచ్చదగినవి. దీనిని వినుచున్న పిల్లవానిని కోపించి లాభము లేదు. పాటను పాఠముతో సరిచూచి వినుమని, పిమ్మట ప్రహ్లాదచరిత్రము తెరచి బిగ్గరగా చదువుమని చెప్పవలెను. ద్విత్వములును, పరుషాక్షరములును, దీర్ఘసమాసములును గల తెలుగుపద్యము ఎంతటి ఉగ్రకంఠమునైనను భరింపగలదు. అట్టి కంఠమున ప్రతి అక్షరమును స్పష్టముగా పలుకగల తెలుగు యువకుడెవడైన బయలుదేరినచో, అతని తొలి సంపుటిని కొని వినుటకు మనము వెనుదీయరాదు.