ఛాయాసీత హృదయము

హింసకు గురియైనవారు తమ్ము హింసించినవారిని ద్వేషించియే తీరవలెనని లోకము తలచును. ద్వేషము కానరానిచో హింసయే జరుగలేదేమో యని సందేహించును. "అంత బాధపడినది, మరల వానికొఱకేల కంటనీరు పెట్టుకొనుచున్నది?" అని అడుగును. ఈ ప్రశ్న వేయువారు భవభూతి ఉత్తరరామచరితమున తృతీయాంకమును శ్రద్ధగా చదువవలెను.

నిండుచూలాలిని, ఉన్నమాట చెప్పకయే, రాముడు అడవిపాలు చేసెను. పండ్రెండేండ్లు గడచెను. కుశలవుల పుట్టినదినమున సూర్యుని పూజించుటకై పూలు కోయవచ్చిన సీత, భాగీరథి ప్రభావముచే నెవ్వరికిని కనబడక, పంచవటిలో రాముని కంఠము వినును. మూర్ఛిల్లిన యతనిని చేతితో తాకి తేర్చును. అతడు ప్రేమతో తన్ను పిలువగా నామె గొంతు కోపముచే గద్గదమగును; జరిగినదానికిని ఈ పిలుపునకును పొంతన లేదని నొచ్చుకొనును. మరుక్షణమే, తానింత కఠినురాలనేల కావలెనని తన్ను తానే మందలించుకొనును.

అప్పుడు తోడనున్న తమస ఆమె హృదయమును వర్ణించును. నిరాశవలని ఉదాసీనత, అపకారమువలని కలత, ఆకస్మిక సమాగమమువలని నిశ్చేష్టత, అతని దుఃఖముపై జాలి, ప్రేమ: ఇవి యన్నియు నొక్క క్షణముననే యున్నవని ఆమె కనిపెట్టినది. వీనిలో నొకటి నిజము, తక్కినవి అబద్ధములని తమస తీర్పు చెప్పలేదు. ఈ యంకమునకు ప్రాణమిదియే యని నా యభిప్రాయము.

వాసంతి త్రోవ వేఱు. సీతను విడుచుట ఎట్లు తగునని ఆమె రాముని ముఖముననే నిలదీయును. ఆమె పరుషముగా మాటలాడుచున్నదని సీతయే బాధపడును. అంతమాత్రమున వాసంతి యడిగినది తప్పగునా? కాదు. అపకారము చేసినవానిని అడుగుటకు వాసంతియు, పొందినదాని గోడు వినుటకు తమసయు, ఇరువురును కావలెను. మన యిండ్లలో తఱచుగా జరుగునది దీనికి తలక్రిందు: కొట్టినవానిని ఓదార్తురు, దెబ్బతిన్నదానిని నిలదీయుదురు.

ఆంగ్లమున డికెన్సు రచించిన ఆలివర్ ట్విస్ట్ నవలలో నాన్సీ యను యువతి కలదు. సురక్షితమైన ఆశ్రయ మిత్తుమని మంచివారు బతిమాలినను, ఆమె క్రూరుడైన సైక్సును విడువజాలక తిరిగిపోయి, వాని చేతనే చచ్చును. ఇది స్వాభావికమా యను విమర్శకు డికెన్సు 1841 నాటి పీఠికలో, ఇది సత్యమని గట్టిగా బదులు చెప్పెను. 1981లో డటన్, పెయింటర్ అను పరిశోధకులు ఇట్టి బంధమునకు కారణము వివరించిరి: బలాబలముల యంతరము పెద్దదై, హింసయు ఆదరమును మార్చి మార్చి వచ్చునపుడు బంధము సడలుటకు మాఱు బిగిసికొనును.

రాముడును సైక్సును ఒక్కటే యనుట నా యుద్దేశము కాదు. రాముడు కుమిలినాడు; సైక్సు హత్యకు ముందు కుమిలినవాడు కాడు. అయినను స్త్రీహృదయముననున్న చిక్కు రెండుచోట్లను నిజమే. ఆ చిక్కునుబట్టి పురుషుని దోషమును కొలువరాదు.

భవభూతియందు నాకొక కొఱత తోచును. వాల్మీకి రామాయణ ముత్తరకాండమున సీత భూమిలోనికి పోగా, ఈతడు సప్తమాంకమున దంపతులను కలిపెను. కలియుట చూచి ప్రేక్షకుడు లెక్క సరిపోయినదనుకొనును; తమస కనిపెట్టిన కలతను మఱచును.

2005 నాటి గృహహింస నిరోధక చట్టము మాటలవలని, మనస్సునకు కలుగు హింసను గూడ హింసగా నెంచి, స్త్రీకి ఉన్న యింటనే నివసించు హక్కు నిచ్చినది. భర్తను ముందు ద్వేషించి రమ్మని అది షరతు పెట్టలేదు. చట్టము పెట్టని షరతును బంధువులు పెట్టుట న్యాయము కాదు. ప్రేమ మిగిలియుండుట ఆమె హృదయమునకు సంబంధించినది. అపరాధికి అది విడుదలపత్రము కానేరదు.